విడిభాగాలు తెచ్చి బిగించే పరిశ్రమ వల్ల వర్ధమాన దేశాలకు ఒరిగేదేమిటి?

స్వర్ణముఖి తీరం (తిరుపతి జిల్లా)

సభ్యులందరికీ నమస్కారం. నేను డిగ్రీ కళాశాలలో వాణిజ్యశాస్త్రం బోధిస్తున్నాను. మా ప్రాంతంలో 2008లో శ్రీసిటీ పారిశ్రామికవాడ మొదలైంది. 2015లో అక్కడ ఫాక్స్‌కాన్ సంస్థ షియోమీ ఫోన్ల తయారీ చేపట్టిన తరువాత సూళ్లూరుపేట, సత్యవేడు పరిసర గ్రామాల ఆడపిల్లలు పెద్ద సంఖ్యలో కంపెనీ బస్సులెక్కి షిఫ్టులకు వెళ్లడం మామూలైపోయింది. తడ దగ్గర అపాచీ కర్మాగారంలో అడిడాస్ బూట్లు తయారవుతాయి. పెనుకొండ దగ్గర 2019 నుంచి కియా కార్లు వస్తున్నాయి. ఇంటర్‌తో చదువు ఆపేసి సంబంధాల కోసం ఎదురుచూస్తూ ఇంట్లో కూర్చోవలసిన పిల్లలు ఇవాళ సొంత ఖాతాలో జీతం వేయించుకుంటున్నారు. ఈ మార్పును తక్కువ చేసి మాట్లాడేవారితో నేను ఏకీభవించను.

అయితే ఫోను తెర, చిప్పు, కెమెరా బయటి దేశాల నుంచే వస్తున్నప్పుడు, నమూనా మరెక్కడో గీస్తున్నప్పుడు, పేరు మరెవరిదో అయినప్పుడు, నడుమ బిగించే పని మాత్రమే చేసే దేశం ఎన్నాళ్లకు, ఏ దారిన పైమెట్టు ఎక్కుతుందన్నది నన్ను చాలాకాలంగా వేధిస్తున్న ప్రశ్న. కొరియా, తైవాన్ ఎక్కాయి. బంగ్లాదేశ్, వియత్నాం ఎక్కుతున్నాయా? మనం ఎక్కుతున్నామా? ఇది పరీక్షలో రాసే జవాబుతో తేలే విషయం కాదు కనుక, ఆయా పరిశ్రమల్లో పనిచేసినవారు తాము చూసినది చెబితే బాగుంటుందని ఈ చర్చ మొదలుపెడుతున్నాను.

ఖాతా పుస్తకం (చెన్నై)

మాస్టారూ, ముందుగా లెక్క చూద్దాం. 2009 నాటి ఐఫోన్ 3జీ విడిభాగాల ధరలను విడగొట్టి పరిశీలించిన ఆర్థికవేత్తలు ఆ ఫోను తయారీ ఖర్చు 178.96 డాలర్లని, అందులో చైనాలో బిగించినందుకు ముట్టినది 6.50 డాలర్లు మాత్రమేనని తేల్చారు. అంటే నూటికి నాలుగు వంతులు కూడా లేదు. మిగిలినదంతా జపాన్, కొరియా, జర్మనీ, అమెరికా కంపెనీల భాగాల ఖరీదు. కానీ ఎగుమతి లెక్కల్లో మాత్రం ఫోను మొత్తం విలువ చైనా పేరునే నమోదైంది. ఏ దేశం ఎంత ఎగుమతి చేసిందనే అంకెను చూసి మురిసిపోకూడదని చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

అయితే చాలామంది కథను అక్కడే ఆపేస్తారు. అదే పద్ధతిలో తరువాత ఐఫోన్ ఎక్స్‌ను లెక్కగట్టినప్పుడు, 409.25 డాలర్ల తయారీ ఖర్చులో చైనా కంపెనీల వంతు సుమారు 104 డాలర్లని తేలింది, అంటే నాలుగో వంతుకు పైగా. దాదాపు పదేళ్లలో ఈ మార్పు వచ్చింది. బిగింపు పనికి కూలి పెరగడం వల్ల వచ్చినది కాదు ఇది. బ్యాటరీ, సర్క్యూట్ బోర్డు, కెమెరా మాడ్యూలు, లోహపు చట్రం, గాజుపలక వంటివి చైనా కంపెనీలే సరఫరా చేసే స్థాయికి ఎదిగాయి. కాబట్టి బిగింపు పని చిన్నదా పెద్దదా అని తూచడం కన్నా, ఆ పని చుట్టూ స్థానిక సరఫరాదారులు పుట్టారా లేదా అని చూడడం మేలని నా అభిప్రాయం.

2024-25లో మన దేశం నుంచి దాదాపు 2 లక్షల కోట్ల రూపాయల విలువైన స్మార్ట్‌ఫోన్లు ఎగుమతి అయ్యాయి. ఈ అంకెను కూడా అదే గీటురాయి మీద గీసి చూడాలి.

ఢాకా మజిలీ (హైదరాబాద్)

నేను బట్టల కొనుగోలు సంస్థ తరఫున కొన్నేళ్లు ఢాకాలో పనిచేశాను. బంగ్లాదేశ్ గురించి మన దగ్గర రెండే మాటలు వినిపిస్తాయి: అక్కడ కూలి చవక, అక్కడ భవనాలు కూలుతాయి. రెండూ నిజమే కానీ ఆ దేశం ఎలా మొదలుపెట్టిందో తెలియకుండా ఆ రెండు మాటలతో ఏమీ అర్థం కాదు.

1974 నుంచి 2004 చివరి వరకు ధనిక దేశాలు ఏ దేశం నుంచి ఎంత నూలు, ఎంత బట్ట, ఎన్ని దుస్తులు దిగుమతి చేసుకోవాలో కోటాలు పెట్టుకున్నాయి. కొరియా కోటా నిండిపోవడంతో అక్కడి దేవూ సంస్థ కోటా అడ్డంకి లేని దేశం కోసం వెతుక్కుంది. నూరుల్ ఖాదర్ అనే విశ్రాంత ఉన్నతాధికారి స్థాపించిన దేశ్ గార్మెంట్స్ సంస్థతో ఒప్పందం కుదుర్చుకుని, 1979లో 130 మంది బంగ్లాదేశీయులను కొరియాలోని పూసాన్‌లో ఉన్న తన కర్మాగారానికి పిలిపించి నెలల తరబడి శిక్షణ ఇచ్చింది. 1980లో దేశ్ సంస్థ కుట్టినవి 43,000 చొక్కాలు. అదేమీ పెద్ద లెక్క కాదు. పెద్ద సంగతి ఏమిటంటే, ఆ తరువాతి ఏడేళ్లలో ఆ 130 మందిలో 115 మంది దేశ్‌ను వదిలి వెళ్లారు. కొందరు సొంత కర్మాగారాలు పెట్టారు, కొందరు కొత్తగా పుట్టిన కర్మాగారాలలో మేనేజర్లుగా చేరారు. ఆ దేశపు ఎగుమతుల్లో నూటికి ఎనభై వంతులకు పైగా నేడు దుస్తులే కావడానికి అసలు పునాది అక్కడ పడింది.

దేశ్ యజమానికి ఆ వలస నష్టంగానే కనిపించి ఉంటుంది. తాను ఖర్చుపెట్టి నేర్పించిన పనివాళ్లు పోటీదారులయ్యారు. కానీ దేశానికి లాభం ఆ వెళ్లిపోవడంలోనే ఉంది. మాస్టారు అడిగిన ప్రశ్నకు నా జవాబు ఇదే: విదేశీ సంస్థ దగ్గర పని నేర్చుకున్నవాడు బయటికి వచ్చి సొంతంగా నిలబడగలిగితే దేశం మెట్టు ఎక్కుతుంది. ఇరవై ఏళ్లు పనిచేసినా అదే కుర్చీలో కూర్చుంటే ఎక్కదు.

సూదీదారం (అనకాపల్లి)

మాస్టారికి, ఢాకా గారికి నమస్కారాలు. నేను మా జిల్లాలోని ప్రత్యేక ఆర్థిక మండలిలో లోదుస్తులు ఎగుమతి చేసే కర్మాగారంలో కుట్టు మిషను దగ్గర చేరి, తరువాత క్వాలిటీ చెకర్‌గా, లైన్ సూపర్‌వైజర్‌గా పనిచేశాను. ఇప్పుడు పట్టణంలో చిన్న కుట్టు యూనిట్ నడుపుతున్నాను.

అక్కడ ఏమి నేర్చుకున్నానో ఒక చిన్న విషయంతో చెబుతాను. మిషను మీద సూది విరిగితే లైను ఆపాలి. విరిగిన ముక్కలన్నీ వెతికి, అవి కలిస్తే పూర్తి సూది అవుతుందో లేదో చూసి, రిజిస్టరులో టేపుతో అంటించి, సమయం, మిషను నంబరు, ఆపరేటరు పేరు రాసి, పాత ముక్కలు చూపించిన తరువాతే స్టోరులో కొత్త సూది ఇస్తారు. ఒక్క ముక్క దొరకకపోయినా అక్కడున్న బట్టలన్నీ పక్కన పెట్టి, లోహాన్ని పట్టే డిటెక్టర్‌లో వేసి చూడవలసిందే. ఎక్కడో దూరదేశంలో ఒక పసిబిడ్డ ఒంటికి గుచ్చుకోకూడదని ఆ నియమం. మొదట్లో ఇదంతా చాదస్తం అనిపించేది. తరువాత తెలిసింది, ఎగుమతి పని అంటే కుట్టు రావడం కాదు, ఇలాంటి నియమాన్ని రోజూ తప్పకుండా పాటించడమేనని. ఒక్కో కుట్టు పనికి ఎన్ని సెకన్లు పడుతుందో కొలిచి, ఎక్కడ బట్టలు గుట్టపడుతున్నాయో చూసి, మనుషులను సర్దడం కూడా అక్కడే నేర్చుకున్నాను.

ఢాకా గారు చెప్పినట్టు నేనూ బయటికి వచ్చాను. కానీ ఇరవై మిషన్లు పెట్టుకుందామని బ్యాంకుకు వెళితే పొలమో ఇల్లో తాకట్టు పెట్టమన్నారు. నా పేరున ఏదీ లేదు. నా చేతిలో ఉన్న పనితనాన్ని తాకట్టు పెట్టుకునే బ్యాంకు నాకు కనిపించలేదు. చివరికి నా తల్లి నగలు కుదువపెట్టి ఎనిమిది మిషన్లతో మొదలుపెట్టాను. ఇప్పుడు స్కూలు యూనిఫారాలు కుడుతున్నాను. ఎగుమతి పని చేసే సత్తా ఉండి యూనిఫారాలు కుట్టడం నాకు చిన్నతనం కాదు కానీ, నేర్చుకున్నదంతా వృథా అవుతోందని బాధగా ఉంటుంది. బంగ్లాదేశ్‌లో బయటికి వచ్చిన ఆ 115 మందికి పెట్టుబడి ఎవరు ఇచ్చారో తెలుసుకోవాలని ఉంది.

ఢాకా మజిలీ

అమ్మా, మీరు అడిగిన ప్రశ్నలోనే కీలకం ఉంది. ఆ 115 మందీ మీలాంటివారు కారు, వారిలో చాలామంది చదువుకున్న మధ్యతరగతివారు. అయినా వారి దగ్గరా అంత డబ్బు లేదు. వారికి దారి వేసినవి రెండు ఏర్పాట్లు. ఒకటి బ్యాక్ టు బ్యాక్ ఎల్సీ. ఎల్సీ అంటే లెటర్ ఆఫ్ క్రెడిట్, సరుకు పంపిన కాగితాలు చూపితే డబ్బు చెల్లిస్తామని బ్యాంకు ఇచ్చే హామీ పత్రం. విదేశీ కొనుగోలుదారు తన బ్యాంకు ద్వారా ఇచ్చిన ఎల్సీని ఢాకా బ్యాంకు హామీగా పెట్టుకుని, దాని ఆధారంగా బట్ట, గుండీలు, జిప్పులు అమ్మే విదేశీ సరఫరాదారుకు మరో ఎల్సీ తెరుస్తుంది. బట్ట వస్తుంది, కుడతారు, ఓడ ఎక్కిస్తారు, కొనుగోలుదారు చెల్లించిన డబ్బులోంచే బట్ట బాకీ తీరుతుంది. అంటే ముడిసరుకు మీద కుట్టేవాడు తన డబ్బు పెట్టనక్కరలేదు. రెండోది బాండెడ్ గోదాము. ఎగుమతికి వాడే బట్ట మీద సుంకం ముందు కట్టి తరువాత తిరిగి రాబట్టుకునే తిప్పలు లేకుండా, సుంకం లేకుండానే దించుకుని గోదాములో పెట్టుకోవచ్చు. ఆస్తి చూసి కాక ఆర్డరు చూసి అప్పు ఇవ్వడమే ఇందులో కిటుకు.

ఈ ఏర్పాటుకు మరో ముఖం ఉంది, దాన్ని దాచడం న్యాయం కాదు. పెట్టుబడి తక్కువ కాబట్టి ఎవరు పడితే వారు, ఎక్కడ పడితే అక్కడ మిషన్లు వేశారు. సావార్‌లోని రానా ప్లాజాలో దుకాణాల కోసం కట్టిన భవనం మీద అనుమతి లేని అంతస్తులు వేసి, అయిదు దుస్తుల కర్మాగారాలు పెట్టి, బరువైన జనరేటర్లు ఎక్కించారు. ముందురోజు గోడలు బీటలు వారాయి. కింది అంతస్తులోని బ్యాంకు తన సిబ్బందిని పంపించేసింది. కుట్టుపనివారిని మాత్రం మర్నాడు లోపలికి పిలిచారు. 2013 ఏప్రిల్ 24న ఆ భవనం కూలి 1,134 మంది చనిపోయారు. ఆ సరుకు కొన్న కంపెనీల దుకాణాలు యూరప్‌లో, ఉత్తర అమెరికాలో ఉన్నాయి. అంతకుముందు వారు పంపిన తనిఖీదారులు ఆ భవనంలోని కర్మాగారాలు చూసి వెళ్లినవారే. ఆ తరువాత విదేశీ కొనుగోలు కంపెనీలు, కార్మిక సంఘాలు కలిసి చేసుకున్న అకార్డ్ భద్రతా ఒప్పందం చట్టబద్ధంగా కట్టుబడేలా ఉండబట్టే మెట్లు, విద్యుత్ తీగలు, స్తంభాల బలం నిజంగా సరిచేశారు. స్వచ్ఛందంగా చేసుకున్న ప్రకటనలు అంతకుముందూ ఎన్నో ఉన్నాయి, అవేవీ ప్రాణాలు కాపాడలేదు.

గోదారి గట్టు (రాజమహేంద్రవరం)

నా దృష్టిలో ఇంత చర్చ అవసరం లేదు. దిగుమతి సుంకం పెంచితే కంపెనీలే వచ్చి ఇక్కడ తయారుచేస్తాయి. ఫోన్ల విషయంలో జరిగింది అదే కదా. 2018లో సుంకం 20 శాతం చేశారు, ఫ్యాక్టరీలు వచ్చాయి. విడిభాగాల మీద కూడా అలాగే పెంచితే అవీ వస్తాయి.

ఖాతా పుస్తకం

గోదారి గట్టు గారూ, మీరు చెప్పినదాంట్లో సగం నిజం. పూర్తి ఫోను మీద సుంకం వేసినందువల్ల దేశంలో అమ్మే ఫోన్లను దేశంలోనే బిగించడం మొదలైంది. తొలినాళ్లలో సగం బిగించిన కిట్లు తెచ్చి చివరి స్క్రూలు వేసి పెట్టెలో సర్దేవారు. 2017 నుంచి దశలవారీగా ఛార్జరు, బ్యాటరీ, తరువాత సర్క్యూట్ బోర్డు మీద చిప్పులు అతికించే పని దేశంలోకి వచ్చాయి. ఇక్కడివరకు మీ వాదన నిలుస్తుంది.

కానీ ఎగుమతి దగ్గర ఆ లెక్క తిరగబడుతుంది. ప్రపంచ మార్కెట్‌లో మన ఫోను వియత్నాం ఫోనుతో పోటీపడాలి. కెమెరా మాడ్యూలు మీద, ప్లాస్టిక్ తొడుగు మీద, చిన్న స్క్రూ మీద కూడా ఇక్కడ సుంకం ఉంటే, వియత్నాంలో లేకుంటే, మన ఫోను పుట్టుకతోనే ఖరీదైనది. కట్టిన సుంకం తిరిగి వస్తుందని నియమాల్లో ఉన్నా, ఆ డబ్బు చేతికొచ్చేదాకా పెద్ద కంపెనీ ఆగగలదు, చిన్న సరఫరాదారు ఆగలేడు. 2024 జనవరిలో ప్రభుత్వమే అనేక విడిభాగాల మీద సుంకాన్ని 15 నుంచి 10 శాతానికి, ఆ జూలై బడ్జెట్‌లో పూర్తి ఫోను మీద సుంకాన్ని 20 నుంచి 15 శాతానికి తగ్గించింది. 2020లో వచ్చిన ప్రోత్సాహక పథకం కూడా అదనంగా అమ్మిన సరుకు మీద 4 నుంచి 6 శాతం ఇస్తామన్నదే తప్ప, అందులో స్థానిక సరఫరాదారు ఎంత ఎదిగాడన్నది కొలవలేదు. నాకున్న అసంతృప్తి అక్కడే.

ఎర్రనది ఒడ్డు (హనోయి)

నేను గుంటూరు జిల్లావాడిని. హనోయికి ఆనుకుని ఉన్న బాక్‌నిన్ ప్రాంతంలో ఎలక్ట్రానిక్స్ విడిభాగాల కర్మాగారంలో ప్రొడక్షన్ ఇంజనీరుగా పనిచేస్తున్నాను. వియత్నాం గురించి మన పత్రికల్లో వచ్చే పొగడ్తలు చదివినప్పుడు సగమే రాశారనిపిస్తుంది.

వియత్నాం 1986లో ఆర్థిక సంస్కరణలు మొదలుపెట్టింది, 2007లో ప్రపంచ వాణిజ్య సంస్థలో చేరింది. 2008లో సామ్‌సంగ్ ఇక్కడ కర్మాగారానికి అనుమతి తీసుకుని, మరుసటి ఏడాదే ఉత్పత్తి ప్రారంభించింది. ఆ తరువాత థాయ్‌గుయెన్‌లో ఇంకా పెద్దది కట్టింది. మనం 2019 నవంబరులో తప్పుకున్న ఆర్‌సెప్ అనే ఆసియా-పసిఫిక్ దేశాల వాణిజ్య ఒప్పందంలో వియత్నాం ఉంది. 2020 ఆగస్టు నుంచి యూరప్‌తోనూ స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం అమలులోకి వచ్చింది. రోడ్డు, కరెంటు, ఓడరేవు, సుంకం, ఈ నాలుగింటిలోనూ ఇక్కడ పనిచేసేవారికి ఇబ్బంది తక్కువ.

కానీ ఈ దేశపు ఎగుమతుల్లో దాదాపు మూడింట రెండు వంతులకు పైగా విదేశీ కంపెనీలవే. 2014లో సామ్‌సంగ్ తనకు కావలసిన వస్తువుల జాబితా ఇచ్చి స్థానిక కంపెనీలను పిలిచింది. ఛార్జర్లు, యూఎస్‌బీ కేబుళ్లు, ప్లాస్టిక్ తొడుగుల వంటి వాటిని కూడా అడిగిన నాణ్యతతో, అడిగిన ధరకు ఇవ్వగల వియత్నాం కంపెనీలు దొరకడం కష్టమైంది. అప్పటికి నేరుగా సరఫరా చేసే స్థానిక సంస్థలు నాలుగే. ఆ సంగతి ఇక్కడి పత్రికల్లో పెద్ద అవమానంగా చర్చకు వచ్చింది. దాని తరువాతే కొరియా నిపుణులను స్థానిక కర్మాగారాలకు పంపి నెలల తరబడి లోపాలు దిద్దించే కార్యక్రమం ప్రభుత్వంతో కలిసి మొదలుపెట్టారు, క్రమంగా సరఫరాదారులు డజన్లలోకి పెరిగారు.

స్థానికుడు ఎక్కడ ఆగిపోతాడో రోజూ చూస్తున్నాను కాబట్టి చెబుతున్నాను. ప్లాస్టిక్ తొడుగు పోయడం తేలిక, దానికి కావలసిన అచ్చు తయారుచేయడం కష్టం. మిల్లీమీటరులో వందో వంతు తేడా వచ్చినా తొడుగు, తెర అంచు కలవవు. ఆ అచ్చును చెక్కే మిషను కొనవచ్చు, కానీ లక్ష తొడుగులు పోసిన తరువాత అరిగిన అంచును గుర్తుపట్టి సరిచేసే టూల్‌రూమ్ (అచ్చులు, పనిముట్లు తయారుచేసి దిద్దే విభాగం) మనిషిని కొనలేం. అతను తయారు కావడానికి పది పదిహేనేళ్లు పడుతుంది. పైగా కొనే కంపెనీ ఏటా ధర తగ్గించమంటుంది. అనుభవం లేనివాడికి మొదటి ఏడాదే నష్టం వస్తుంది, రెండో ఏడాది అతను ఉండడు.

మరో సంగతి. 2025 జూలైలో అమెరికా వియత్నాం సరుకు మీద 20 శాతం సుంకం, వేరే దేశం నుంచి దారి మళ్లించి తెచ్చిన సరుకు మీద 40 శాతం సుంకం ప్రకటించింది. చైనా భాగాలతో బిగించిన వస్తువు ఏ దేశానిదన్న ప్రశ్న ఇన్నాళ్లూ ఆర్థికవేత్తలది. ఇప్పుడు అది మా కర్మాగారం మనుగడ సమస్య.

బాలానగర్ రసాయనం (హైదరాబాద్)

నేను బల్క్ డ్రగ్ (మందులకు మూలమైన రసాయన పదార్థం) పరిశ్రమలో పనిచేసి విశ్రాంతి తీసుకున్నవాణ్ణి. ఢాకా గారు చెప్పిన 130 మంది కథ చదువుతుంటే హైదరాబాదు కథే గుర్తుకు వచ్చింది. 1961లో ప్రభుత్వం ఐడీపీఎల్ (ఇండియన్ డ్రగ్స్ అండ్ ఫార్మాస్యూటికల్స్) అనే మందుల సంస్థను స్థాపించి, సోవియట్ సాంకేతిక సహాయంతో రుషికేశ్‌లో యాంటీబయాటిక్స్ కర్మాగారం, మన బాలానగర్‌లో సింథటిక్ మందుల కర్మాగారం కట్టింది. ఆ సంస్థ తరువాత నష్టాల్లో కూరుకుపోయి మూతపడింది కాబట్టి అదో వైఫల్యమని చాలామంది అంటారు. ఆ మాట నేను ఒప్పుకోను. అక్కడ రియాక్టరు నడపడం, ద్రావకాన్ని తిరిగి పట్టడం, స్ఫటికాలు సరైన పరిమాణంలో కట్టించడం నేర్చుకున్న కెమిస్టులు, ఇంజనీర్లు బయటికి వచ్చి జీడిమెట్ల, బొల్లారం, పటాన్‌చెరులలో యూనిట్లు పెట్టారు. 1984లో డాక్టర్ రెడ్డీస్ స్థాపించిన కె. అంజిరెడ్డి గారు ఐడీపీఎల్‌లో పనిచేసినవారే. 1970 నాటి పేటెంట్ల చట్టం మందుకు కాక, మందు తయారుచేసే పద్ధతికి మాత్రమే పేటెంటు ఇవ్వడంతో, వేరే పద్ధతిలో అదే మందు చేయగల కెమిస్టుకు విలువ వచ్చింది. 2005లో ఆ వెసులుబాటు పోయేనాటికి మన కంపెనీలు అమెరికా మార్కెట్‌లో నిలదొక్కుకున్నాయి.

సూదీదారం గారు చెప్పిన రిజిస్టరు లాంటిదే మాకూ ఉంది. అమెరికా మందుల నియంత్రణ సంస్థ యూఎస్‌ఎఫ్‌డీఏ తనిఖీ అధికారి వచ్చినప్పుడు ముందు రియాక్టరు చూడడు, బ్యాచ్ రికార్డు తెరుస్తాడు. ఉష్ణోగ్రత ఇంత అని ఆపరేటరు రాసిన నిమిషాన్ని, పరికరంలో నమోదైన నిమిషంతో పోల్చి చూస్తాడు. రాసిన అంకెను దిద్దవలసి వస్తే ఒకే గీత కొట్టాలి, కింద పాత అంకె కనబడాలి, పక్కన సంతకం, తేదీ, కారణం ఉండాలి. పూర్తిగా కొట్టేసిన ఒక్క అంకె వల్ల నెలల తరబడి సరుకు ఆగిపోయిన యూనిట్లు ఉన్నాయి. మందు చేయడం వచ్చినవారు చాలామంది ఉన్నారు, ఈ క్రమశిక్షణ వచ్చినవారికే ఆ మార్కెట్ దక్కింది.

అయితే మేము పై మెట్టు ఎక్కుతూ కింది మెట్టును వదులుకున్నాం. పెన్సిలిన్-జి నుంచి 6-ఏపీఏ అనే మధ్యంతర పదార్థం, దాని నుంచి అమాక్సిసిలిన్ అనే యాంటీబయాటిక్ వస్తాయి. పెన్సిలిన్-జి పులియబెట్టి తయారుచేయాలి, దానికి భారీ ట్యాంకులు, చవక కరెంటు, చక్కెర కావాలి. చైనా కంపెనీలు ఎంతో పెద్ద ఎత్తున కట్టి ధర తగ్గించేసరికి మన కర్మాగారాలు ఒక్కొక్కటిగా ఆపేశాయి. చవకగా వస్తున్నప్పుడు తయారీ ఎందుకన్న మాట ఆనాడు అందరికీ సబబుగానే అనిపించింది. 2020లో కరోనాతో సరుకు ఆగేసరికి, దేశం మందులు చేస్తోంది కానీ మందుకు మూలమైన పదార్థం చేయడం లేదని అందరికీ తెలిసివచ్చింది. ఆ ఏడాదే కేంద్రం బల్క్ డ్రగ్స్ కోసం 6,940 కోట్ల రూపాయల పథకం ప్రకటించింది. దాని కింద అరబిందో అనుబంధ సంస్థ కాకినాడ జిల్లాలో కట్టిన పెన్సిలిన్-జి కర్మాగారం 2024లో ఉత్పత్తి ప్రారంభించింది. ఒకసారి పోయిన విద్యను తిరిగి తెచ్చుకోవడానికి ఎంత ఖర్చో, ఎన్నేళ్లో దాన్ని చూస్తే తెలుస్తుంది.

నక్కవాగు (సంగారెడ్డి జిల్లా)

బాలానగర్ గారు చెప్పిన చరిత్రంతా నిజమే. కానీ ఆ యూనిట్ల దిగువన మా పొలాలు ఉన్నాయి. మాకు ఆ పరిశ్రమ ముందుగా వాగు నీళ్ల రంగుతోనే తెలిసింది. బోర్లు పాడైపోయాయి, పంట తగ్గింది, రైతులు సుప్రీంకోర్టు దాకా వెళ్లి పరిహారం కోసం పోరాడవలసి వచ్చింది. 2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికి వదిలిన నీటిని పరీక్షించి, లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఉందని ప్రచురించారు. అది శుద్ధి చేసిన తరువాతి నీరు. మందు వేసుకున్న రోగి రక్తంలో ఉండే మోతాదు కన్నా అది ఎక్కువ.

అక్కడ తయారైన మాత్ర చవకగా దొరకడం వల్ల ప్రపంచంలో ఎందరో బతికారు, సంతోషమే. అయితే ఆ చవకలో మా వాగు వంతు ఎంతో ఏ లెక్కల పుస్తకంలోనూ లేదు. ధనిక దేశాలు మందులు తెచ్చుకున్నాయి, మురుగును మా దగ్గరే ఉంచాయి. సరఫరా గొలుసు గురించి మాట్లాడేవారు సరుకు వెళ్లే వైపే కాకుండా మురుగు పారే వైపు కూడా చూడాలని కోరుతున్నాను.

బాలానగర్ రసాయనం

నక్కవాగు గారూ, మీరు రాసినదానికి అభ్యంతరం చెప్పే హక్కు మా పరిశ్రమకు లేదు. ఒక్క విషయం చేరుస్తాను. కొనుగోలుదారుల తనిఖీ బృందం కర్మాగారంలో ప్రతి కాగితం చూస్తుంది కానీ, చాలాకాలం దాకా గేటు బయటి కాలువ వారి జాబితాలో ఉండేది కాదు. వ్యర్థజలాలను చుక్క కూడా బయటికి వదలకుండా ఆవిరి చేసే యంత్రాలు పెట్టుకున్న యూనిట్‌కూ, రాత్రిపూట వదిలేసే యూనిట్‌కూ టెండరులో ఒకే ధర వస్తే, నిజాయితీగా ఉన్నవాడే నష్టపోతాడు. దాన్ని తనిఖీ చేయడం, శిక్షించడం మన ప్రభుత్వాల పని. అందరికీ ఒకే నిబంధన పెట్టి అమలుచేస్తే పరిశ్రమ పారిపోతుందన్న భయం నాకు లేదు, ఎందుకంటే ఇక్కడున్న కెమిస్టులను మరో దేశం రాత్రికి రాత్రి తయారుచేసుకోలేదు.

షెగర్ (అడిస్ అబాబా)

ఆఫ్రికా నుంచి చిన్న మాట. ఇథియోపియాలో 2016లో హవాసా పారిశ్రామిక పార్కు ప్రారంభమైనప్పుడు ఆఫ్రికాకు మరో బంగ్లాదేశ్ వచ్చిందన్నారు. అక్కడి సరుకు అమెరికాకు సుంకం లేకుండా వెళ్లేది. దేశం ఉత్తరాన టిగ్రే ప్రాంతంలో జరిగిన అంతర్యుద్ధం కారణంగా 2022 జనవరి 1 నుంచి ఆ సదుపాయం రద్దయింది. అంతకు ముందే, 2021 నవంబరులో, అక్కడి ముఖ్యమైన విదేశీ సంస్థ, అమెరికా దుస్తుల కంపెనీ పీవీహెచ్ వెళ్లిపోతున్నట్టు ప్రకటించింది. మిషన్లు ఉన్నాయి, పని నేర్చిన అమ్మాయిలు ఉన్నారు, ఆర్డర్లు లేవు. యుద్ధంతో ఏ సంబంధమూ లేని కుట్టుపనివారు ఉపాధి కోల్పోయారు. ఒకే కొనుగోలు దేశం ఇచ్చిన రాయితీ మీద పరిశ్రమ మొత్తాన్ని నిలబెట్టడం ఎంత ప్రమాదమో ఇక్కడ ఉన్నవారికి బాగా తెలుసు. బంగ్లాదేశ్ కూడా అతి తక్కువ అభివృద్ధి చెందిన దేశాల జాబితా నుంచి బయటపడవలసిన గడువు 2026 నవంబరుగా నిర్ణయమైంది కనుక, యూరప్ రాయితీల విషయంలో వారికీ పరీక్ష రాబోతోంది.

స్వర్ణముఖి తీరం

ఇంత వివరంగా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. పూసాన్‌కు వెళ్లిన 130 మంది, ఐడీపీఎల్ కెమిస్టులు, అచ్చు సరిచేసే టూల్‌రూమ్ మనిషి, ఈ ముగ్గురిలో నాకు ఒకే పోలిక కనిపిస్తోంది. నేర్చినవారు ఒకచోట నుంచి మరొకచోటికి కదిలారు, లేదా కదలగల మనిషి లేక పని ఆగింది. నా విద్యార్థుల విషయంలో నాకు అదే దిగులు. వారు ఫోను లైనులో ఒకే స్టేషన్ దగ్గర రెండు మూడేళ్లు పనిచేసి, పెళ్లితో మానేస్తున్నారు. పక్క స్టేషన్ పని కూడా వారికి తెలియదు. వారికి పై పని నేర్పే బాధ్యత కంపెనీదా, ప్రభుత్వానిదా?

ఎర్రనది ఒడ్డు

మాస్టారూ, మలేసియాలోని పెనాంగ్‌ను చూడండి. 1972లో అక్కడ స్వేచ్ఛా వాణిజ్య మండలి పెట్టి ఇంటెల్ వంటి కంపెనీలను రప్పించారు. మొదటి పదిహేనేళ్లూ అక్కడ కూడా ఆడపిల్లలు మైక్రోస్కోపు ముందు కూర్చుని చిప్పులకు తీగలు అతికించడమే పని. 1989లో రాష్ట్ర ప్రభుత్వం స్థలం ఇచ్చి, పోటీ కంపెనీలన్నిటినీ ఒకచోట కూర్చోబెట్టి, ఉమ్మడిగా నడిపే నైపుణ్య శిక్షణ కేంద్రం పెట్టించింది. ఏ కోర్సు ఉండాలో కంపెనీలే నిర్ణయిస్తాయి, శిక్షణ పొందినవారు ఏ కంపెనీలోనైనా చేరవచ్చు. ఒక్క కంపెనీ మీదే బాధ్యత పెడితే, నేర్పినవాడు వెళ్లిపోతాడన్న భయంతో నేర్పదు. శ్రీసిటీలో ఇన్ని కంపెనీలు పక్కపక్కన ఉన్నాయి కనుక అలాంటి ఉమ్మడి టూల్‌రూమ్ ఒకటి పెట్టడం అసాధ్యమేమీ కాదు.

రుణవిభాగం (విజయవాడ)

బ్యాంకులో చిన్న పరిశ్రమల రుణాలు చూస్తాను. సూదీదారం గారి సమస్యకు నేరుగా జవాబు రాస్తున్నాను. చిన్న సంస్థల అప్పుకు ప్రభుత్వం తరఫున హామీ ఇచ్చే సీజీటీఎంఎస్ఈ పథకం కింద తాకట్టు లేకుండా అప్పు ఇవ్వడానికి వీలుంది, 2025 ఏప్రిల్ నుంచి ఆ హామీ పరిమితి 10 కోట్ల రూపాయలకు పెరిగింది. ఎగుమతిదారు చేతిలో విదేశీ ఎల్సీ ఉంటే, దాని ఆధారంగా మీ పేరున దేశీయ ఎల్సీ తెరిచే పద్ధతి మన బ్యాంకుల్లోనూ ఉంది, అంటే ఢాకాలో జరిగినదే. కానీ ఎగుమతిదారు అడిగితేనే అది జరుగుతుంది, చాలామంది అడగరు. మీరు జాబ్‌వర్క్ (మరొకరి ఆర్డరును కూలికి కుట్టే పని) తీసుకునేటప్పుడు ఉద్యమ్ (చిన్న సంస్థల ప్రభుత్వ నమోదు) నంబరును ప్రతి బిల్లు మీద వేయండి. సూక్ష్మ, చిన్న సంస్థల బాకీని గడువులోగా (రాతపూర్వక ఒప్పందం ఉంటే గరిష్ఠంగా 45 రోజులు, లేకుంటే 15 రోజులు) చెల్లించకపోతే, ఆ ఖర్చును అవతలివారు డబ్బు చెల్లించిన ఏడాదిలోనే ఆదాయపన్ను లెక్కలో చూపించుకోగలరు.

సూదీదారం

చాలా కృతజ్ఞతలు సార్. నేను అడిగిన శాఖలో తాకట్టు లేని పథకం ఉన్నట్టు ఎవరూ చెప్పలేదు. ఉద్యమ్ నమోదు చేయించుకున్నాను కానీ బిల్లు మీద నంబరు వేయడం లేదు, ఇకనుంచి వేస్తాను. విశాఖలో ఒక ఎగుమతిదారు పిల్లల దుస్తులకు జాబ్‌వర్క్ ఇస్తామని పిలిచారు. ఆడిట్‌కు రమ్మంటే నా ఎనిమిది మిషన్ల షెడ్డులో ఏమేమి చూస్తారో, మంటలార్పే పరికరం, రెండో తలుపు కాక ఇంకేమి ముందుగా సిద్ధం చేసుకోవాలో ఢాకా గారు చెప్పగలరా?

ఢాకా మజిలీ

తప్పకుండా చెబుతానమ్మా. రెండో తలుపు పని గంటల్లో గడియ వేసి ఉండకూడదు, వారు ముందుగా చూసేది అదే. తరువాత ప్రతి మనిషి వయసు ధ్రువపత్రం, హాజరు పుస్తకం, జీతం చెల్లించిన బ్యాంకు వివరాలు, ఈ మూడూ ఒకదానితో ఒకటి సరిపోవాలి. ఆదివారం పనిచేయించి హాజరులో చూపకపోతే, కుట్టు నమోదు పుస్తకంలో ఆ తేదీ దొరికిపోతుంది. విద్యుత్ బోర్డుకు మూత, మిషను బెల్టుకు కవచం, తాగునీటి పరీక్ష కాగితం, స్త్రీలకు విడిగా మరుగుదొడ్డి ఉండాలి. సూదుల రిజిస్టరు మీకు ఎవరూ చెప్పనక్కరలేదు. పాత ఆడిట్ పత్రాల్లో నా దగ్గర ఉన్న తనిఖీ పట్టికను తెలుగులో రాసి రెండు రోజుల్లో ఇక్కడే పెడతాను. చిన్న యూనిట్లు నడిపే మిగతా సభ్యులకు కూడా అది పనికొస్తుంది.